మడత పడని మోకాలు

వేడి చేసిన రాయిని అరిటాకులో చుట్టి మోకాలి వెనక పెట్టుకుని, పెనియాసి రెండు చేతులతో మడమను తొడవైపు లాక్కున్నాడు. మోకాలు కొంతదూరం మాట విన్నది. ఆ తర్వాత మొరాయించింది. వానకు ఉబ్బిన తలుపు గడపకు పట్టేసినట్టు లోపల ఎక్కడో పట్టేసింది. ఊపిరి బిగబట్టి ఇంకాస్త లాగాడు. ఎండుపుల్ల విరిగినట్టు టప్పుమంది. మడమకూ తొడకూ నడుమ ఇంకా జానెడు జాగా మిగిలే ఉంది.

నిన్నా జానెడే. మొన్నా జానెడే.

ఇంటి మెట్టు మీద కూర్చుని తెల్లవారగానే అతను రోజూ చేసే పని ఇది. ఎదురుగా సముద్రం వెనక్కి తగ్గి ఉంది. బురదలో గోరంత పీత ఒకటి తన కాళ్ళన్నీ ఎక్కడ వంచాలో అక్కడ వంచి, ఎక్కడ చాపాలో అక్కడ చాపి, కొత్తకోడలిలా పక్కకు పక్కకు జరిగి బొరియలో దూరింది. పెనియాసి దాన్ని చూసి నవ్వుకున్నాడు. ఆ నవ్వులో కాస్త ఈర్ష్య కూడా ఉంది.

అరవై దాటిన మనిషి. పొట్టి మెడ, వెడల్పు భుజాలు, నేలను పట్టుకోవడానికే పుట్టినట్టున్న పాదాలు. బొటనవేళ్ళు రెండూ మిగతా వేళ్ళకు దూరంగా విచ్చుకుని ఉంటాయి. బతుకంతా కొబ్బరిచెట్ల బోదెలను కరుచుకున్న వేళ్ళు అవి. కందావు దీవిలో ఈ ఊరివాళ్ళను అతని గురించి అడిగితే చెట్లెక్కేవాడు అంటారు, ఆపైన ఏం చెప్పాలో తోచక ఆగిపోతారు. పాట రాదు. సభలో మాట రాదు. చర్చి పండగ ఫోటోల్లో వెనక వరసలో, ఎవరి భుజం వెనకో, అతని చెవి ఒకటి కనిపిస్తుంది.

భార్య మెరేయని పోయి మూడు నెలలు దాటింది. ఇవాళ ఆమె పుట్టింటివాళ్ళు పడవలో వస్తారు. ఇంటివాళ్ళ చేత నల్లబట్టలు విప్పించి రంగుబట్టలు కట్టిస్తారు. దాంతో ఏడుపు ముగిసినట్టు. ఆ తంతు జరిగినంతసేపూ మొగుడు వాళ్ళకు ఎదురుగా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. అరికాళ్ళు కనబడకూడదు. నలుగురి మధ్య కాలు చాపడమంటే ఎదుటివాడి మొహమ్మీదికి కాలెత్తినట్టే. ముసలివాళ్ళకూ రోగులకూ మినహాయింపు ఉంది. వాళ్ళు గుమ్మం పక్కన కూర్చుని, చాపిన కాళ్ళ మీద ఇంకో చాప కప్పుకోవచ్చు. కానీ పెళ్ళాం కోసం కట్టిన నలుపు విప్పే రోజున మొగుడు గుమ్మం పక్కన ఎలా కూర్చుంటాడు?

పైగా అతను ఒకసారి కాలు చాపాడు. మెరేయనిని పెట్టెలో ఉంచి అందరూ చుట్టూ కూర్చున్న రోజున. పాస్టరు ప్రార్థన సాగుతోంది. ఎదురుగా మెరేయని అన్న ఓసెయా ఉన్నాడు, తెల్లజుట్టు మనిషి, మాటలు పొదుపు. ఏడాదిగా సలుపుతున్న కుడి మోకాలు అప్పుడు పట్టు తప్పింది. నారి తెగిన విల్లులా కాలు దానంతటది చాచుకుపోయింది. మట్టి అంటిన అరికాలు నేరుగా ఓసెయా మొహానికి ఎదురుగా నిలిచింది. పెనియాసి దాన్ని రెండు చేతులతో వెనక్కి లాక్కునేలోపే ఓసెయా గోడవైపు తిరిగిపోయాడు. తర్వాత యంగోనా చిప్ప తెచ్చి ఇస్తే ముట్టకుండా తిప్పి పంపాడు. సాయంత్రం పోటుకు పడవెక్కి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి మాటా లేదు, కబురూ లేదు.

యంగోనా అంటే ఒక వేరు. దంచి నీళ్ళలో పిసికితే బురదరంగు తేలుతుంది, తాగితే నాలుక మొద్దుబారుతుంది. ఆ నీళ్ళు ఒకరి చేతి నుంచి ఒకరు తాగితేనే రెండిళ్ళ మధ్య దారి తెరిచి ఉన్నట్టు. ఇవాళ కూడా ఓసెయా తాగకుండా వెళితే ఆ దారి మూసుకుపోయినట్టే. పెనియాసికి ఒక్కతే కూతురు, సలోటె. ఓసెయా ఊరి కోడలు. ఆ దారికి అవతలి కొసన ఉంది.

రేవు దగ్గర ఆరోగ్యకేంద్రంలో నర్సు తరైవిని ఒకరోజు అతనికి ఓపిగ్గా చెప్పింది. పిడికిలిని రెండో అరచేతిలో పెట్టి గుండ్రంగా తిప్పి, భుజమూ తుంటీ ఇలా ఉంటాయంది. గిన్నెలో బంతి, ఎటైనా తిరుగుతుంది. మెడ, మేకు చుట్టూ తిరిగే ఉంగరం. మణికట్టు, గుప్పెడు గులకరాళ్ళు, ఒకదాని మీద ఒకటి జారతాయి. మోకాలు మాత్రం తలుపు మడతబందు లాంటిది, దానికి ముందుకూ వెనక్కూ ఒకటే దారి. ఎముకల కొసలకు నున్నటి మెత్త ఉంటుంది, నడుమ నూనెలాంటి నీరు ఉంటుంది, నీకు ఆ మెత్త అరిగిపోయి ఎముకకు ఎముక రాసుకుంటోంది అంది. చెట్లెక్కడం మానెయ్యమంది. బలవంతంగా మడవద్దంది. అతను తలూపి బయటికొచ్చి, తన పిడికిలిని తన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూసుకున్నాడు. ఇంత ముచ్చటైన పనితనం ఒంట్లో మోసుకుంటూ ఇన్నేళ్ళు తిరిగాడు, ఒక్కసారీ చూసుకోలేదు.

ఆ మోకాళ్ళ విలువ మెరేయనికి తెలుసు. చలిగాలి తోలే నెలల్లో ఆమె పక్కమీద వెనక నుంచి జరిగి, చేపల్లా చల్లబడ్డ తన పాదాలను అతని మోకాళ్ళ మడతల్లో దూర్చేది. ఇది నా ఇల్లు, నువ్వు బయట పడుకో అనేది. అతను మోకాళ్ళు ఇంకాస్త ముడిచి ఆ పాదాలను బిగించి పట్టుకునేవాడు. ఆమె విడిపించుకోబోయేది, అతను వదిలేవాడు కాదు, ఇద్దరూ దుప్పటి కింద పిల్లల్లా నవ్వుకునేవాళ్ళు. పెళ్ళయిన కొత్తల్లో మొదలైన ఆట, సలోటె పుట్టి పెరిగి అత్తారింటికి వెళ్ళినా ఆగలేదు. ఆఖరి ఏడాది మాత్రం ఆమె పాదాలు వచ్చేవి, మడత ఉండేది కాదు. చాచిన కాలి మీద పాదాలు పెట్టుకుని ఆమె ఏమీ అనకుండా నిద్రపోయేది.

పొద్దెక్కేసరికి ఇసిరేలి వచ్చాడు, భుజాన కట్టెలమోపుతో. పెనియాసికి మేనత్త కొడుకు. ఈ దీవుల్లో బావామరదుల మధ్య ఎకసెక్కం హక్కు. ఆడిపోసుకోకపోతేనే అలిగినట్టు.

"ఏం బావా, గంట కొట్టేశావా? నీ మోకాలి చప్పుడు విని మా ఆవిడ చర్చికి టైమైందని తల దువ్వుకుంటోంది."

"మీ ఇంటిదాకా వినబడిందంటే చెవులు బానే ఉన్నట్టు. పనికి పిలిచినప్పుడే పోతాయి నీకు."

ఇసిరేలి మోపు దించి పకపకా నవ్వాడు. ఇద్దరూ కలిసి పెరట్లో గుంటపొయ్యి సర్దారు. గుంటలో కట్టెలు పేర్చి, రాళ్ళు కాల్చి, అరిటాకులు పరిచి, చేమదుంపలూ పందిమాంసమూ పెట్టి మట్టి కప్పారు. పెనియాసి కుడికాలు పక్కకు చాపి, నడుము దగ్గర్నుంచి వంగి పనిచేశాడు. తుంటి ఇంకా మాట వింటోంది. భుజాలైతే పాతికేళ్ళ కుర్రవాడివే, పార విసిరితే మట్టి పడాల్సిన చోటే పడుతోంది. ఒంట్లో ఇన్ని కీళ్ళుంటే చెడ్డది ఒక్కటి. ఆ ఒక్కటీ లేకపోతే మనిషి కూర్చోలేడు.

పొయ్యి మూసి చేతులు కడుక్కున్నాక పెనియాసి బావను ఇంట్లోకి పిలిచాడు. చూరులోంచి కొబ్బరిపీచు తాడు చుట్ట ఒకటి తీసి అతని ముందు పడేశాడు. తన కుడికాలు మడిచి, మడమను తొడకు కట్టెయ్యమన్నాడు. నడుముకు చుట్టుకునే నల్ల సులు గుడ్డ పైన కప్పుకుంటే ఎవరికీ తెలీదు. కట్టిన కాలు చాచుకుపోదు.

ఇసిరేలి ఈసారి నవ్వలేదు. అతను ఇళ్ళకు వాసాలు కట్టే మనిషి. మేకు కొట్టకుండా ఒట్టి తాడుతోనే కడతాడు. తుపానుకు రేకులు లేచిపోయాయి గానీ అతని కట్టు ఊడిన వాసం ఊళ్ళో లేదు. చుట్టను చేతిలోకి తీసుకుని దాని పురిని బొటనవేలితో తడుముతూ నిలబడ్డాడు.

"గుమ్మం పక్కన కూచో బావా. ఒంట్లో బాలేదని నేను చెప్తా వాళ్ళకి."

"ఒంట్లో బాలేక పోయింది ఆవిడ. నాకేం, నిక్షేపంలా ఉన్నా."

"నర్సమ్మ మడవద్దంది కదా."

"నర్సమ్మ వచ్చి కూచుంటుందా నా బదులు?"

ఇసిరేలి ఇంకా కదల్లేదు. పెనియాసి తల దించుకుని, నేలతో చెప్పినట్టు మెల్లగా అన్నాడు. "ఆవేళ ఆయన మొహం తిప్పుకున్నాడే, అది నన్ను చూసి కాదురా. చెల్లెల్ని ఎలాంటోడికి ఇచ్చామా అని. ఇవాళ కూడా అలాగే వెళ్ళిపోతే నేనింక ఆవిడ సమాధి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని పోతా?"

రేవువైపు నుంచి ఎవరో పడవ కనిపిస్తోందని కేకేశారు. అప్పుడు ఇసిరేలి కూర్చున్నాడు.

నిట్రాటకు వీపు ఆనించి పెనియాసిని కూర్చోబెట్టాడు. ఎడమకాలు హాయిగా మడతపడింది. కుడికాలి దగ్గర ఇసిరేలి మొదట చేతులతో నొక్కాడు, తర్వాత ఛాతీ ఆనించి నొక్కాడు, ఆఖరికి ఒళ్ళంతా మోపి నొక్కాడు. పెనియాసి నల్ల చొక్కా కాలరు పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. జానెడు బెత్తెడైంది. బెత్తెడు రెండు వేళ్ళయింది. లోపల తడిబట్ట చిరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. పెనియాసి కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదుగా గడ్డం దాకా కారాయి గానీ నోట్లోంచి కాలరు జారలేదు. మడమ తొడకు తగిలింది. ఇసిరేలి వాసానికి చుట్టినట్టు చుట్టి, వాసానికి వేసినట్టే ముడి వేశాడు. కోస్తే తప్ప రాని ముడి. అతనికి ఇంకో ముడి రాదు.

అయితే పడవ రేవుకు రాలేదు. పోటు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. పగడపు దిబ్బ మీద నీళ్ళు చాలక అవతలే ఆగిపోయింది. చెట్ల నీడలు ఇంటి గోడల దగ్గరికి కుంచించుకుపోయి, మళ్ళీ రెండోవైపుకు సాగడం మొదలెట్టాయి. ఇసిరేలి కత్తి తెచ్చి, వాళ్ళు దిగాక మళ్ళీ కడతా, ఇప్పటికి కోసేస్తానన్నాడు. మళ్ళీ మడిచే ఓపిక నీకుందేమో గానీ నాకు లేదన్నాడు పెనియాసి. పాదం ముందు మండింది, తర్వాత చీమలు పాకినట్టయింది, ఆ తర్వాత ఎవరిదో పాదంలా ఊరుకుంది. అతనికి అది సుఖంగానే తోచింది. నొప్పి లేకుండా బాసింపట్టు వేసుకుని ఎన్నాళ్ళయింది!

పోటెక్కి వాళ్ళు వచ్చేసరికి ఇల్లంతా చాపలే. ఓసెయా వంగి గుమ్మం దాటి, వంగే నడిచి వచ్చి, పెనియాసికి ఎదురుగా కూర్చున్నాడు. వెనకే సలోటె, ఆమె అత్తవారి ఆడవాళ్ళు. ఇసిరేలి ఇంటి తరఫున, మన్నింపు కోరేటప్పుడు ఇచ్చే తిమింగలం పన్ను రెండు చేతులా పట్టుకుని, తప్పులుంటే మన్నించండి, దారి మూయకండి అని నాలుగు మాటలు పలికి అందించాడు. ఓసెయా దాన్ని పుచ్చుకుని నుదుటికి ఆనించుకుని పక్కన పెట్టాడు. యంగోనా కలిపారు. ఎవరూ దగ్గలేదు. గిన్నెలో వేరు పిసికే చప్పుడు ఒక్కటే.

పెనియాసి వీపు నిటారుగా ఉంది, చూపు చాప మీద. చిప్ప ఓసెయా ముందుకు వచ్చింది. ఓసెయా దానివైపు చూశాడు. ఆ కాస్త ఆలస్యంలో పెనియాసికి తన ఒంట్లోని కీళ్ళన్నీ ఒక్కసారే బిగుసుకున్నట్టు అనిపించింది. ఇసిరేలి పక్కకు ఒరిగి, బావా ఎలా ఉందని పెదవులతో అడిగాడు. పెనియాసి తల కదల్చకుండా, ఆయన ఇంకా తాగలేదన్నాడు.

ఓసెయా ఒకసారి చప్పట్లు తట్టి, చిప్ప అందుకుని, దించకుండా తాగేశాడు.

అందరూ అరచేతులు గుల్లగా చేసి మూడుసార్లు తట్టారు. పెనియాసి కూడా తట్టాడు. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ళు, అన్నీ వేటికవి చెయ్యాల్సింది చేశాయి.

అప్పుడు ఓసెయా మాట్లాడటం మొదలెట్టాడు. మాటలు పొదుపైన మనిషి కాబట్టి వెతుక్కుంటూ, ఆగి ఆగి మాట్లాడాడు. చిన్నప్పుడు మెరేయనిని భుజాలమీద కూర్చోబెట్టుకుని వాగు దాటించేవాడినన్నాడు. వాగు దాటినా దిగేది కాదనీ, కాళ్ళు తన మెడ చుట్టూ మెలేసి బడి గుమ్మం దాకా మోయించుకునేదనీ చెప్పాడు. ఆడవాళ్ళు నవ్వారు. పెనియాసి కూడా నవ్వాడు. ఆ పాదాలు అతనికీ తెలుసు.

ఊళ్ళోకెల్లా ఎత్తైన చెట్టు ఎక్కి పైకి చేరినప్పుడు ఉన్నట్టు ఛాతీ పట్టేసింది. చెట్టు మీద అయితే అలాంటప్పుడు మట్టను కావలించుకుని కాసేపు ఊరుకోవాలి. పైనుంచి చూస్తే దిబ్బ అవతల నీలం, ఇవతల ఆకుపచ్చ, మధ్యలో తెల్లగా నురగగీత. అతను ఊరుకున్నాడు. ఒక ఊపిరి సగంలో ఆగింది. దాన్ని వెతుక్కోవాలన్న తొందర అతనికి కలగలేదు.

ఓసెయా చెబుతూనే ఉన్నాడు. రెండో చిప్ప తిరిగింది. బావమరిది వరస కుర్రాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని, పెనియాసి చూడండి ఎంత బుద్ధిగా కూచున్నాడో, పెళ్ళినాడు కూడా ఇంత బుద్ధిగా లేడట అని గుసగుసలాడారు. యంగోనా ఎక్కినవాళ్ళు గడ్డం ఛాతీకి ఆనించి మౌనంగా కూర్చోవడం మామూలే. అతను ఇంకా తాగలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

మాటలు ముగించి ఓసెయా చెయ్యి చాపితే సలోటె ఒక చొక్కా అందించింది. రేవు కొట్లో కొన్నది, నీలం మీద ఎర్రమందారాలు. ఓసెయా దాన్ని పెనియాసి మోకాళ్ళ ముందు చాప మీద పెట్టాడు.

"నలుపు తీసెయ్ బావా. మా చెల్లికి నువ్వు తక్కువ చేసిందేం లేదు."

పెనియాసి కదల్లేదు. బావా, అని ఓసెయా మళ్ళీ పిలిచాడు. ఇసిరేలి పక్కకు జరిగి అతని మణికట్టు పట్టుకున్నాడు. నాడి అందలేదు. అయినా వదల్లేదు.

కొంతసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత సలోటె పాకుతూ వచ్చి నాన్నా అంది. ఇసిరేలి ఎవరినీ చూడకుండా సులు గుడ్డ పైకి తీసి, నడుములోంచి కత్తి తీసి, ఉబ్బిన మాంసంలో దిగబడిపోయిన తాడును వెతికి కోశాడు. తాడు తెగి చాప మీద పడింది. కాలు చాచుకోలేదు. మూడు నెలలు నూనె రాసి, రాళ్ళు కాచి, బతిమాలితే ఉండని మడత, ఇప్పుడు కట్టు లేకుండానే ఉంది.

"ఇదేంటి?" అన్నాడు ఓసెయా.

ఇసిరేలి చెప్పాడు. మీ ముందు ఆరోజు కాలు చాచుకుపోయింది, మీరు మొహం తిప్పుకున్నారు, చిప్ప ముట్టుకోలేదు, అందుకని ఇవాళ కట్టించుకున్నాడు అని. కట్టింది నేనే అని కూడా చెప్పాడు.

ఓసెయా చాలాసేపు ఆ తాడు గుర్తుల వైపు చూశాడు.

"ఏ కాలు?" అన్నాడు చివరికి. "నేనావేళ ఎవరి కాలూ చూళ్ళేదయ్యా. పెట్టెలో మా చెల్లి మొహం చూళ్ళేక గోడకేసి తిరిగా. గొంతు దిగదని చిప్ప వద్దన్నా."

 సలోటె తండ్రి కుడిపాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, రక్తం రావాలని, వేళ్ళ నుంచి మడమ దాకా రుద్దుతూనే ఉంది. ఓసెయా ఆమెను లేపడానికి తాను లేవబోయాడు. ఆయన మోకాళ్ళు కూడా వెంటనే లేవలేదు. చాప మీద అరచెయ్యి మోపి, ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు.

తర్వాత నలుగురు మగవాళ్ళు పెనియాసిని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఎత్తి లోపలి గదిలోకి తీసుకుపోయారు. నర్సు కోసం ఎవరో పరిగెత్తారు. పెరట్లో గుంటపొయ్యి మట్టి సందుల్లోంచి ఆవిరి లేస్తోంది, దుంపలు ఉడికిన వాసన ఇంట్లోకి వస్తోంది, ఎవరూ తవ్వడానికి వెళ్ళలేదు.

ఖాళీ చాప మీద ఎర్రమందారాల చొక్కా మిగిలింది. కాలరు కింద అట్టముక్క అలాగే ఉంది, చేతులు రెండూ వీపు వెనక్కి మడిచి ఉన్నాయి, కొట్లో గుచ్చిన గుండుసూదులు ఒక్కటీ తియ్యలేదు.